వ్యాపార చిత్రం – భావప్రకటన స్వేచ్ఛ: ‘కళ’ అనే కొలమానం

కళాత్మక చిత్రం, వ్యాపార చిత్రం అన్న విభజన విమర్శలో అభిరుచికి సంబంధించినది. దానినే హక్కుల చర్చలోకి తెచ్చి, లాభాపేక్షతో తీసిన చిత్రానికి కళాకృతికి ఉన్నంత రక్షణ అవసరం లేదనే వాదం తరచుగా వినబడుతుంది. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణలో ఉన్నవి వాక్కు, భావప్రకటన అనే మాటలు. కళ అనే మాట అందులో లేదు. అయినా ఆ వాదానికి న్యాయస్థానాల తీర్పులలో ఆధారం ఏమేరకు ఉన్నదో పరిశీలించవలసి ఉంది.

సినిమాకు ముందస్తు సెన్సారు రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు తేల్చినది 1970 నాటి కె.ఎ. అబ్బాస్ కేసులో. విచిత్రమేమంటే అక్కడ వివాదానికి గురైనది నాలుగు మహానగరాల ఐశ్వర్యాన్నీ దారిద్ర్యాన్నీ పక్కపక్కన చూపిన ఒక లఘు డాక్యుమెంటరీ. చలనచిత్రం ఇతర కళలకన్న గాఢంగా ఉద్వేగాలను కదిలిస్తుందన్న కారణంతో ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా దానిని ప్రత్యేకంగా పరిగణించారు. ఆంక్షకు హేతువు మాధ్యమానికున్న శక్తి. నిర్మాత లాభనష్టాల ప్రసక్తి అందులో లేదు.

కళను కొలమానంగా స్వీకరిస్తే సాహిత్యానికైనా మేలు జరిగిందా? లారెన్స్ నవల ‘లేడీ చాటర్లీస్ లవర్’ ప్రతిని అమ్మిన పుస్తక విక్రేతపై వచ్చిన ఉదేశీ కేసులో (1964) ఇదే న్యాయమూర్తి, కళ అశ్లీలతను మరుగుపరచేంత ప్రబలంగా ఉండాలన్నారు. ఆ పరీక్షలో నవల నిలువలేదు, శిక్ష ఖాయమైంది. తెలుగులో ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ అనుభవమూ ఇటువంటిదే. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దానిని ప్రచురించిన తరువాత ప్రభుత్వ నిషేధానికి గురైన ఆ కావ్యానికి విముక్తి 1947లో గాని లభించలేదు. అది ప్రబంధమన్న గౌరవం దానిని కాపాడలేకపోయింది. కళ ఏదో నిర్ణయించే అధికారం పాలకునికో న్యాయమూర్తికో దక్కినపుడు వారి అభిరుచే చట్టమవుతుంది.

మరొక వైపు, టికెట్ల అమ్మకం మీద బ్రతికిన చిత్రాలే సామాజిక వివాదాన్ని జనంలోకి తీసుకువెళ్లిన సందర్భాలు తెలుగు సినిమా చరిత్రలో ఉన్నాయి. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938) అస్పృశ్యతను కథావస్తువుగా గ్రహించింది. జమీందారీ వ్యవస్థను ప్రశ్నించిన ‘రైతుబిడ్డ’ (1939) జమీందారుల ఆగ్రహాన్నీ నిషేధాన్నీ ఎదుర్కొంది. ఈ రెండింటిని వ్యాపారం, కళ అనే గదులలో దేనిలో ఉంచాలో చెప్పడం కష్టం. రాజాశ్రయంలో వెలసిన ప్రబంధాలను చదివే పరిశోధకులకు ధనానికీ సృజనకూ ఉన్న ఈ సంబంధం కొత్తది కాదు.

వాణిజ్య ప్రకటన సైతం 19(1)(ఎ) పరిధిలోనిదేనని టాటా ప్రెస్ కేసులో (1995) సుప్రీంకోర్టు అంగీకరించింది. సరుకును గురించిన ప్రకటనకు ఉన్న రక్షణ కథ చెప్పే చిత్రానికి లేదనడం పొసగదు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘డావిన్సీ కోడ్’ ప్రదర్శనను నిలిపివేసినపుడు హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అది పూర్తిగా వ్యాపార చిత్రమే. తీర్పుకు ఆధారమైనది భావప్రకటన హక్కు. చిత్రపు కళావిలువ కాదు.

వ్యాపార చిత్రాలు స్త్రీని చూపే తీరును, కులాన్ని కథానాయకుని వంశగౌరవంగా మార్చే తీరును విమర్శ ఉపేక్షించరాదు. ఆ విమర్శ ఎంత తీవ్రమైనా చిత్రం ప్రేక్షకుని చేరిన తరువాతనే సాధ్యం. టికెట్టు ధర, పన్ను, ప్రదర్శన వేళల నియంత్రణ వ్యాపారానికి సంబంధించినవి. వాటిని సంభాషణల కత్తిరింపుతో కలపడం వలననే ఈ గందరగోళం ఏర్పడింది.

నిజానికి వ్యాపారమే చిత్రాన్ని మరింత దుర్బలం చేస్తున్నది. అప్పు మీద వడ్డీ, ముందే ప్రకటించిన విడుదల తేదీ, థియేటర్ల ఒప్పందాలు నిర్మాతను తొందరపెడతాయి. సెన్సారు నిర్ణయాలపై అప్పీళ్లు వినే ట్రిబ్యునలు 2021లో రద్దయింది. ఇప్పుడు హైకోర్టుకే వెళ్లవలసి ఉంది. చిన్న నిర్మాత అంతకాలం ఆగలేడు. అభ్యంతరం వచ్చిన దృశ్యాన్ని తానే తొలగించుకొని చిత్రాన్ని విడుదల చేస్తాడు. ఆ తొలగింపు ఏ తీర్పులోనూ నమోదు కాదు.