చిత్తుప్రతి వినేవాళ్లు

కెనడాలోని ఎడ్మంటన్‌లో, ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వారి ఉపాధ్యాయ విద్యా పరిశోధన కేంద్రంలో జీన్ క్లాండినిన్ ఏళ్ల తరబడి ఒక అలవాటును నిలబెట్టారు. మంగళవారం మధ్యాహ్నం అందరూ ఒక బల్ల చుట్టూ చేరేవారు. ప్రొఫెసర్లుండేవారు, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లుండేవారు, బడుల నుంచి వచ్చిన టీచర్లుండేవారు. ముందే రాసుకున్న ఎజెండా ఉండేది కాదు. ఎవరి పని ఎక్కడ చిక్కుపడిందో వాళ్లు చెప్పేవారు, మిగతావాళ్లు వినేవారు. విద్యారంగంలో కథన పరిశోధన గురించి ఎన్ని పద్ధతుల పుస్తకాలు చదివినా, నా ఆలోచన మాత్రం ఆ బల్ల దగ్గరికే పోతుంది.

క్లాండినిన్, టొరంటోకు చెందిన మైఖేల్ కానెల్లీ కలిసి 1990లో రాసిన వ్యాసంతో కథన పరిశోధన అనే ఈ మార్గానికి విద్యాలోకంలో పేరు స్థిరపడింది. 2000లో వాళ్ల పుస్తకం వచ్చింది. టీచరుకు తెలిసిన విద్య ఆమె అనుభవంలో ఉంటుంది, ఆ అనుభవం ఆమె చెప్పుకునే కథల్లో మనకు దొరుకుతుంది అన్నది వాళ్ల నమ్మకం. విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లో అనుభవం గురించి రాసినదాన్ని ఆధారం చేసుకుని, ఏ కథనైనా కాలం, మనుషుల మధ్య సంబంధం, చోటు అనే మూడు వైపుల నుంచీ చూడమన్నారు. లెక్కల పీరియడ్‌లో నోరు విప్పని పిల్లవాడు నిరుడు ఎలా ఉండేవాడు? ఎవరి ముందు మాట్లాడడు? ఏ గదిలో, ఏ వరుసలో కూర్చుంటాడు? ఇవి అడగనిదే వాడి కథ మొదలుకాదు.

ఇదంతా ఒక్కరే చేయగల పని కాదని నా గట్టి నమ్మకం. ఒంటరిగా రాసుకుంటే కథ నున్నగా తయారవుతుంది. అడ్డొచ్చే సంగతులు వాటంతటవే రాలిపోతాయి, రాసినవాళ్లకు తమ రాత మీద ప్రేమ పుడుతుంది. దాన్ని మళ్లీ గరుకు చేయడానికి పక్కన మనుషులుండాలి.

మేం కొందరం టీచర్లం, బీఎడ్ కాలేజీల్లో చెప్పేవాళ్లం నెలకోసారి కలుస్తుంటాం. ఒకసారి ఒక టీచరమ్మ తన చిత్తుప్రతి చదివారు. తల్లితో మిరపకాయ కోతలకు వలసపోయి, నెలల తర్వాత బడికి తిరిగొచ్చిన అమ్మాయి గురించి. తల్లిదండ్రులకు అవగాహన లేదన్నది ఆ రాత సారాంశం. చదవడం అయ్యాక ఒకాయన మెల్లగా అడిగారు: “ఆ పిల్ల తిరిగొచ్చిన రోజు క్లాసులో ఏం జరిగింది మేడమ్?” ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాతి నెల కొత్త పేజీ తెచ్చారు. ఆ రోజు ఆవిడ హాజరు పిలిచారు. పిల్ల పేరు అప్పటికే కొట్టేసి ఉంది. అందరి పేర్లూ అయిపోయాయి, తన పేరు వస్తుందని పిల్ల చేతులు కట్టుకుని నిలబడే ఉంది. ఆ పేజీతో పరిశోధన ప్రశ్నే మారిపోయింది. అవగాహన గురించి అడగాల్సింది తల్లిదండ్రులను కాదు, హాజరు పట్టీని.

ఆల్బెర్టాలో చదువు మధ్యలో ఆపేసిన యువతీయువకుల మీద పనిచేసినప్పుడు క్లాండినిన్ బృందం కూడా ఇలాగే సాగింది. పరిశోధకులు ఆ పిల్లలతో చాలాసార్లు కూర్చుని ఒక్కొక్కరి గురించి ఒక్కో కథనం రాశారు. ఆ తర్వాతే అందరూ కలిసి ఆ కథనాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివారు. అది 2013లో పుస్తకమైంది. అదే విశ్వవిద్యాలయంలో జానిస్ హ్యూబర్, కరెన్ వీలన్ అనే ఇద్దరు టీచర్లు 2000లో ఒకే సిద్ధాంత గ్రంథాన్ని కలిసి రాశారు. మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ అంటే ఒక్కరి పేరు, ఒక్కరి సంతకం. కలిసి ఆలోచించినదాన్ని కలిసి రాసుకునే వీలు ఇక్కడా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మన దగ్గర టీచర్లు కలుసుకోవడానికి స్కూలు కాంప్లెక్స్ సమావేశాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటి అవసరమూ ఉంది. కానీ పైఅధికారి ఎదురుగా కూర్చున్నప్పుడు టీచరు చెప్పేది పై మెరుగు కథే. తలుపు మూసిన తరగతిలో జరిగేది వేరు, బయట చెప్పుకునేది వేరు అని కానెల్లీ, క్లాండినిన్ 1995లోనే రాశారు. లోపలి కథ బయటికి రావాలంటే సమీక్షలూ ర్యాంకులూ లేని ఇంకొక చోటు కావాలి. అక్కడికి వచ్చేవాళ్లు మారకుండా వస్తుండాలి. కొత్త ముఖాల ముందు ఎవరూ కొట్టేసిన పేరు గురించి చెప్పరు.

అలాంటి చోటు కుదిరాక అసలు కష్టం మొదలవుతుంది: కథలోని మనుషులను బయటపెట్టకుండా రాయడం. కానెల్లీ, క్లాండినిన్ ఏళ్లపాటు పనిచేసిన టొరంటో బడిని బే స్ట్రీట్ అనే మారుపేరుతోనే రాశారు. మహానగరంలో మారుపేరు కొంత కాపాడుతుంది. మండలంలో ఉన్న ఒకే ఒక్క బాలికల హైస్కూలుకు ఏ పేరు పెడితే గుర్తుపట్టరు? అందుకే మా గుంపులో రాసినదాన్ని అచ్చుకిచ్చే ముందు, ఎవరి గురించి రాశామో వాళ్ల ఇంటికి వెళ్లి చదివి వినిపిస్తాం. వద్దన్న వాక్యం తీసేస్తాం. మిరప కోతల అమ్మాయి తల్లి మొత్తం విని, కూలి రేటు తప్పు రాశారని సరిచేసింది. కూతురి పేరు మార్చొద్దంది. మార్చాలా వద్దా అని మేమింకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.