కొలబద్ద ఎవరి చేతిలో? : షోలాపూరు నేతవాడనుండి విద్యాసంస్థల మార్పుపై ఒక విమర్శ

యంత్రములు వచ్చినవి, కాలము మారినది, సంస్థలును మారక తప్పదు అను మాట మన సభలయందు తరచుగా వినబడుచున్నది. ఆ మాటను కొందరు హర్షముతో పలుకుదురు. కొందరు నిట్టూర్పుతో పలుకుదురు. మార్పునకు కర్త యంత్రమే యని నమ్ముటలో మాత్రము ఉభయులును ఏకీభవింతురు. ఈ నమ్మకము ఎంతవరకు సరియైనదో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. విశ్వవిద్యాలయములను, పాఠశాలలను, సంఘములను గూర్చి దేశమంతట సాగుచున్న చర్చ షోలాపూరు తూర్పుభాగమునందలి నేతవాడనుండి చూచినచో కొంత భిన్నముగా కన్పట్టును. ఏలనన, ఇచ్చటి తెలుగువారు యంత్రపు మార్పును పుస్తకములలో చదివినవారు కారు. తమ యింటి గడపలోనే చూచినవారు. ఆ యనుభవమునుండి నేను గ్రహించిన దిది: యంత్రము సంస్థను తన వేగముచేత కంటె తాను తెచ్చిన కొలతచేత ఎక్కువగా మార్చును. ఆ కొలబద్ద ఎవరి చేతిలో నుండునో, సంస్థ క్రమముగా వారిదగును.

1. మగ్గము నేర్పిన పాఠము

కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములనుండి పద్మశాలీలు పందొమ్మిదవ శతాబ్దమునందు పడమటి దిక్కునకు విరివిగా వలసవచ్చిరి. షోలాపూరు, భివండి, బొంబాయి వారికి నెలవులైనవి. ఈ నగరమున సాఖర్ పేట, దాజీ పేట, భవానీ పేట మొదలగు వాడలలో గుంటమగ్గములు వెలసినవి. అప్పటి కొలత మూర. ఆలుబిడ్డలు కండెలు చుట్టగా, పడుగు చేసి, నేసిన చీరకు మూరల లెక్కన వెల కట్టబడెను. షావుకారు పీడ లేకపోలేదు. అయినను ఎప్పుడు మగ్గమెక్కవలెను, ఎప్పుడు దిగవలెను అనునది ఇంటివారి నిర్ణయముగనే యుండెను.

1870ల దశకమున షోలాపూరు స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ స్థాపింపబడెను. జనులు పాతమిల్లు అని పిలిచినది దీనినే. మిల్లులు వచ్చుటతో కొలత గడియారమైనది. భోంగా కూతయే పేటకు పొద్దుపొడుపైనది. 1949 ఆగస్టులో ఆ కంపెనీ తన మిల్లును మూసివేయగా, 1950 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా దాని నిర్వహణను చేపట్టెను. ఆ చట్టము సుప్రీంకోర్టుదాక పోయి, మన రాజ్యాంగపు తొలి ప్రసిద్ధవ్యాజ్యములలో చేరినది. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని వానిని చదువుచున్నారు. చట్టపీఠికయందు నిరుద్యోగము పేర్కొనబడినది గాని, న్యాయస్థానమున వాదము ప్రధానముగా వాటాదారుని హక్కును గూర్చియే సాగినది. అచ్చట కొలత వాటా. మగ్గముకడ నిలిచినవానికి మిల్లుతో గల సంబంధమును కొలుచుటకు ఆ న్యాయస్థానమున బద్ద లేకపోయెను.

పిమ్మట మరమగ్గము వచ్చినది. మనవారి నోట సాంచా యైనది. చద్దరును, టెర్రీ తువాలును షోలాపూరు పేరును దేశమంతట మోసినవి. రెండు సాంచాలు ఇంటిలోనే పెట్టుకొన్న కుటుంబమును, కార్ఖానాలో కూలికి నడపు కార్మికుడును వాడునది ఒకే యంత్రము. కాని మొదటి యింట పిల్లవాని పరీక్షకై ఒకపూట సాంచా ఆపవచ్చును. రెండవచోట ఆపుటకు వీలులేదు, ఏలనన నేసిన చద్దరు సంఖ్యయే వాని కూలి. ఒకే యంత్రము రెండు విధములైన జీవితములను కల్పించినచో, ఆ భేదమునకు కారణము యంత్రము కాజాలదు గదా!

2. పేట కట్టుకొన్న బడి

ఈ నేతవారే తమ బిడ్డలకు చదువు కావలెనని సంస్థలు కట్టుకొనిరి. పద్మశాలి శిక్షణ సంస్థ నడపుచున్న పాఠశాలలును, ఎ. ఆర్. బుర్లా మహిళా కళాశాలయు ఈ కోవలోనివి. నగరపాలిక తెలుగు, కన్నడ, ఉర్దూ మాధ్యమములలోను బడులు పెట్టినది. రాజ్యాంగమునందలి 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు నిచ్చినది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగిన 1956లో చేర్చబడిన 350ఎ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింపవలెనని చెప్పినది. 1967లో పూనాయందు నెలకొన్న బాలభారతి తెలుగులోను పాఠ్యపుస్తకములను ప్రచురించినది.

ఈ బడులకు తొలినాడు పేటయే కొలబద్ద. బిడ్డ ఉత్తరము చదువగలుగుచున్నాడా, ఖాతా వ్రాయగలుగుచున్నాడా, భజనలో పద్యము తప్పులేక చెప్పుచున్నాడా అని అడుగువారు ఆ వీధిలోనే యుండిరి. ఈ కొలతకు లోపములు కలవు. ఆడపిల్లను గూర్చి అది తక్కువగా అడిగినది. చదువు గుమాస్తాగిరి వఱకు చాలునని తలచినది. అయినను ఉపాధ్యాయుడు ఎవరికి జవాబుదారియో ఆ కాలమున అందఱికిని స్పష్టముగా తెలిసియుండెను.

3. పోర్టల్ యెదుట తెలుగు బిడ్డ

నేడు ఆ స్థానమున గణకయంత్రము కూర్చున్నది. ఇది నిష్కారణముగా రాలేదని ముందుగా చెప్పవలెను. 2011 అక్టోబరులో మహారాష్ట్రమంతట జరిగిన పట్ పడతాళణీలో, హాజరుపట్టీలలో దొంగపేర్లు పెద్దయెత్తున బయటపడినవి. ప్రజల ధనము దుర్వినియోగమగుచుండగా సర్కారు లెక్క అడుగుట న్యాయమే. 2015లో సరళ్ వ్యవస్థ వచ్చినది. తరువాత యూడైస్ ప్లస్ వచ్చినది. పిదప ఆధార్‌తో సరిపోలిన విద్యార్థుల సంఖ్యయే ఉపాధ్యాయపదవుల మంజూరుకు, అనగా సంచ్ మాన్యతకు, ఆధారమైనది. విద్యార్థిసంఖ్యను బట్టి ఆ మంజూరును మఱింత బిగించిన 2024 మార్చి 15 నాటి ప్రభుత్వనిర్ణయమును ఉపాధ్యాయసంఘములు తీవ్రముగా ఎదిరించినవి.

ఈ లెక్కలో మన బిడ్డ ఎట్లు జారిపోవునో చూడుడు. తెలుగు సంప్రదాయమున ఇంటిపేరు మొదట వచ్చును. మరాఠీ పద్ధతిలో బిడ్డపేరు, తండ్రిపేరు, చివర ఇంటిపేరు. తెలుగులో ఎ, ఏ లకును, ఒ, ఓ లకును గల భేదము మరాఠీ వ్రాతలో నిలువదు. అచ్చటినుండి ఇంగ్లీషు లిపిలోనికి పోవునప్పటికి పేరు ఇంకొక రూపు దాల్చును. జననపత్రమున ఒక రూపు, బడి రిజిస్టరులో ఒక రూపు, ఆధార్‌లో ఒక రూపు. బిడ్డ ప్రతిదినము ముందువరుసలో కూర్చుండి పాఠము చెప్పుచున్నను, యంత్రము సరిపోలలేదన్నచో లెక్కకు రాడు. దొంగపేరును పట్టుటకై కట్టిన వల నిజమైన బిడ్డను విడిచిపెట్టుచున్నది. పెద్దబడికి ఇరువురు తగ్గిన నష్టము లేదు. చిన్నదైన తెలుగు తరగతికి ఇరువురు తగ్గినచో ఒక ఉపాధ్యాయుడే పోవచ్చును.

దీనికి సంఘపు ఒత్తిడి తోడైనది. తన బిడ్డ ఇంగ్లీషు చదువవలెనని తల్లి కోరుచున్నది. ఆమె దినమంతయు బీడీలు చుట్టి, వేల లెక్కన కూలి తెచ్చుకొనునది. తన బ్రదుకు బిడ్డకు రాకూడదని ఆశించునది. ఆమెను మాతృభాషాద్రోహి యని వేదికలనుండి నిందించుట మనకు తగదు. నిందించువారిలో ఎందఱి పిల్లలు తెలుగుబడిలో చదువుచున్నారో వారే యోచింపవలెను. గణితము, విజ్ఞానశాస్త్రము ఇంగ్లీషులో చెప్పు సెమీ ఇంగ్లీష్ తరగతులు ఈ కోరికనుండియే బలపడినవి. ఇక రాష్ట్రపు భాషావిధానము: 2020 చట్టము అన్ని బడులలో మరాఠీని తప్పనిసరి చేసినది, మనము నివసించు రాష్ట్రపు భాషను మన బిడ్డలు నేర్చుట సముచితమే. 2025 ఏప్రిలులో ఒకటవ తరగతినుండి హిందీని చేర్చుచు వెలువడిన ఉత్తర్వు పెద్ద ఆందోళనకు దారితీసి, జూను 29న వెనుకకు తీసికొనబడినది. ఆ చర్చయంతయు మూడు భాషల బరువును గూర్చియే సాగినది. తెలుగు బిడ్డకు నాలుగవ భాష కలదనియు, అది వాని తల్లిభాషయే యనియు చెప్పిన గొంతుకలు ఆ చర్చలో బలముగా వినబడలేదు.

4. విశ్వవిద్యాలయము దగ్గఱకు వచ్చినది, దేనిని కొలుచుచున్నది?

2004 ఆగస్టు 1న, కొల్హాపురమునందలి శివాజీ విశ్వవిద్యాలయమునుండి విడివడి, ఒక్క జిల్లాకే పరిమితమైన షోలాపూరు విశ్వవిద్యాలయము ఏర్పడినది. 2019నుండి అది పుణ్యశ్లోక్ అహిల్యాదేవి హోళ్కర్ పేరు దాల్చినది. నేతవాడ బిడ్డకు విశ్వవిద్యాలయము సిటీబస్సు దూరములోనికి వచ్చినది. ఊరు దాటి పంపుటకు తల్లిదండ్రులు జంకెడి ఆడపిల్లకు ఇది పెద్దమేలు.

అయితే విశ్వవిద్యాలయములును నేడు కొత్తకొలతలకు లోబడినవే. బొంబాయి విశ్వవిద్యాలయము 2017లో సుమారు 17 లక్షల జవాబుపత్రములను గణకయంత్రపు తెరపై దిద్దింప నారంభించి, ఫలితములను నెలల తరబడి ఇయ్యలేకపోయినది. ఉపకులపతి పదవినుండి తొలగింపబడెను. తెరపై దిద్దుట తప్పు కాదు; దిద్దువారిని సిద్ధపఱుపక, యంత్రపు గడువునే ప్రమాణముగా గొనుట తప్పు. 2020 జాతీయవిద్యావిధానము మఱియొక కొలతను తెచ్చినది. చదువు క్రెడిట్లుగా లెక్కింపబడి, 2021లో రూపొందిన అకడమిక్ బ్యాంకు ఆఫ్ క్రెడిట్స్ నందు జమయగును. ఒక యేడు చదివి ఆపినవారికి సర్టిఫికేటు, రెండేండ్లకు డిప్లొమా. ఆగినవారు తిరిగి రావచ్చుననుట మంచి సదుపాయమే. కాని పెండ్లికొఱకో కూలికొఱకో చదువు మాన్పింపబడిన పిల్ల నిన్నటివఱకు చదువు మానినదిగా కన్పట్టెను. ఎందుకు మానినదని అడుగుటకు చోటుండెను. రేపు ఆమెయే ధ్రువపత్రముతో నిష్క్రమించినదిగా లెక్కకెక్కినచో, ఆ ప్రశ్న మాయమగును. కొలత మారినప్పుడు జారిపోవు సంగతి ఇట్టిది.

యంత్రముపై నేరము మోపుట నా యుద్దేశము కాదు. దానికి ప్రబలసాక్ష్యము మన తెలుగునేలయందే కలదు. 1982లో హైదరాబాదునందు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమున అది మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. నేడు డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ పేరిట నడచుచున్నది. తొలి ఉపకులపతి జి. రామరెడ్డిగారు. ముద్రితపాఠములు, రేడియో, అధ్యయనకేంద్రములు అను నాటి సాధనములతో, బడిచదువు పూర్తిచేయనివారికిని అర్హతాపరీక్ష ద్వారా పట్టభద్రులగు దారిని, తెలుగులోనే, అది తెఱచినది. మహారాష్ట్రమున నాసికునందలి యశ్వంతరావ్ చవాన్ విశ్వవిద్యాలయము 1989లో అట్టి బాట పట్టినది. చదువునకు దూరమైనవాడు ఎవడు అను ప్రశ్నను ముందు పెట్టుకొని, యంత్రమును పిదప పిలిచిన సంస్థలివి.

2022 నవంబరునుండి వ్యాపించిన కృత్రిమమేధ విషయమునను ఇదే ప్రశ్న. నేడు ఏ విద్యార్థియైనను క్షణములో తెలుగు వ్యాసమును తెప్పించుకొనగలడు. మార్కులే కొలతయైనచో అది చాలును. ఆ వ్యాసములో తప్పులు తక్కువే. కాని చేనేతను గూర్చి వ్రాయుమన్నను, మన పేటలో పడుగు తెగినప్పుడు, నాడె జాఱినప్పుడు పలుకు పలుకుబడి అందులో నుండదు. అది ఎన్నడును వ్రాతలోనికి ఎక్కలేదు గనుక యంత్రమునకు దొరకలేదు. ఈ లోపము యంత్రముది కాదు, మనది. ఆ యంత్రమే, చదువురాని తల్లికి బిడ్డ పాఠమును చదివి వినిపింపగలదు. ఏ పనికి పిలుతుమో అది మన చేతిలోనిది.

5. మన సంఘముల మాట

విశ్వవిద్యాలయమును విమర్శించుట సులభము. మన సంఘములను విమర్శించుకొనుట కష్టము. మన సభలకు నేడు వాట్సాప్ ద్వారా పిలుపు పోవుచున్నది. వేయిమందికి క్షణములో చేరుచున్నది. కాని సభ జయప్రదమైనదా యను ప్రశ్నకు మనము చెప్పు జవాబు ఎన్ని శాలువలు కప్పబడినవి, ఎందఱు ఛాయాచిత్రమును మెచ్చుకొనిరి అనునదే. మనబడిలో మూడవతరగతి బిడ్డ తెలుగుపుటను తడబడక చదువగలడా యని ఏ వార్షికనివేదికలోను చూడము. సర్కారుపోర్టల్ తలలను మాత్రమే లెక్కించుచున్నదని వాపోవు మనమును తలలనే లెక్కించుచున్నాము.

కావున ఈ సంచిక చదువు పెద్దలకు నాలుగు సూచనలు మనవి చేయుచున్నాను. ప్రతియేడు మన తెలుగుతరగతుల పిల్లలచేత పేటవారి సమక్షమున పఠనము చేయించి, ఫలితమును నివేదికలో అచ్చువేయవలెను. విద్యాసంవత్సరము మొదలగు జూనుకు ముందే సంఘకార్యకర్తలు ఇంటింటికి పోయి, బిడ్డల పేర్లు అన్ని కాగితములలో ఒక్కతీరుగా నుండునట్లు తల్లిదండ్రులకు సాయపడవలెను. కళాశాలలోని మన పిల్లలు వృద్ధనేతగాండ్ర మాటలను, మగ్గపు పదములను శబ్దరూపమున సేకరింపవలెను. కొత్తవిధానమున క్షేత్రకార్యమునకును క్రెడిట్లు కలవు గనుక, ఆ పనిని చదువులో భాగముగా స్వీకరింపుమని విశ్వవిద్యాలయమును అడుగవలెను. నాలుగవది, డిగ్రీలో చేరిన నేతవాడ ఆడపిల్లలలో ఎందఱు చివరిదాక చదివిరో, మానినవారు ఏల మానిరో సంఘమే విచారించి వ్రాసియుంచవలెను.

వీనికి గొప్పధనము అక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక సెల్‌ఫోను, నలుగురు మనుష్యులు చాలును. మూరనుండి గడియారమునకు, గడియారమునుండి చద్దరు సంఖ్యకు కొలత మారినప్పుడు మన పెద్దలను ఎవరును సంప్రదింపలేదు. వారికి అడుగు శక్తియు నాడు లేకపోయెను. నేడు మనకు చదువు కలదు, సంఘములు కలవు, యంత్రమును చేతిలోనే యున్నది. వచ్చు సంవత్సరపు సంచికలో మన బిడ్డల పఠనఫలితములకు ఒక పుట కేటాయింపబడునని ఆశించుచున్నాను.