వెనక వరుసలో మూడో నంబరు

2019 జూన్ 12. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో మహిళల ప్రపంచ కప్ మ్యాచ్, ఆతిథ్య జట్టుకీ నార్వేకీ మధ్య. మనకు అప్పటికే అర్ధరాత్రి దాటింది. ఫ్రాన్స్ ఒక గోల్ ముందుంది. 54వ నిమిషంలో నార్వే క్రీడాకారిణి ఇసబెల్ హెర్లవ్‌సెన్ ఎడమ వైపు నుంచి గోల్ ముందుకు బంతి పంపింది. ఫ్రాన్స్ సెంటర్ బ్యాక్ వెండీ రెనార్డ్ కాలు చాపింది. బంతి నేరుగా సొంత గోల్‌లోకి పోయింది. ఐదు రోజుల క్రితమే, ప్రారంభ మ్యాచ్‌లో, దక్షిణ కొరియా మీద తలతో రెండు గోల్స్ కొట్టిన మనిషి ఆమె. దేశమంతా పొగిడిన ఆ మనిషే ఇప్పుడు సెల్ఫ్ గోల్ చేసి నిలబడి ఉంది.

ఆ మ్యాచ్ ఫ్రాన్స్ 2-1తో గెలిచింది. విజయం తెచ్చిన గోల్ యూజెనీ లె సొమెర్ పెనాల్టీ. ఆ గోల్ కంటే నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మిగిలిన అరగంటలో రెనార్డ్ ఆడిన తీరు. మళ్లీ అదే చోట నిలబడింది. బంతి అడిగి తీసుకుంది. గాల్లో వచ్చిన బంతికి ఎప్పటిలాగే ఎగిరింది. డిఫెండర్ పనిలో అన్నిటికంటే కష్టమైనది ఇదేనని నేను నమ్ముతాను. ఎక్కడ తప్పు జరిగిందో మరుక్షణం అక్కడే నిలబడాలి, అదే బంతి మళ్లీ వస్తుందని తెలిసి కూడా.

నేను కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినప్పుడు నన్నూ వెనకే నిలబెట్టారు. పొడుగున్నవాళ్లను వెనక్కి పంపడం మన మైదానాల్లో ఆనవాయితీ. అందుకే మ్యాచ్ చూసేటప్పుడు నా కళ్లు ఇప్పటికీ వెనక వరుస మీదే ఉంటాయి. రెనార్డ్ ఎత్తు 1.87 మీటర్లు. ఆమె గురించి రాసేవాళ్లు చాలామంది ఈ అంకెతో మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు. ఎత్తు ఉంటే చాలనుకునేవాళ్లు ఒక్కసారి కార్నర్ కిక్ కింద నిలబడి చూడాలి. అర క్షణం ముందు ఎగిరితే బంతి వచ్చేసరికి మీరు కిందికి దిగుతుంటారు. ఆలస్యమైతే ప్రత్యర్థి భుజం మీ ఛాతీకి అడ్డం వస్తుంది. నిలబడి ఎగిరితే బలం రాదు, రెండు మూడు అడుగుల పరుగు కావాలి. ఆ పరుగుకు చోటు గుంపులో దొరకదు, ముందే చూసుకుని పెట్టుకోవాలి.

రెనార్డ్ కార్నర్లను వరసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. బంతి బయల్దేరేదాకా ఆమె తొందరపడదు. తనను కాపలా కాస్తున్న మనిషి బంతి వైపు తల తిప్పే క్షణం కోసం చూస్తుంది. ఎవరూ బంతినీ రెనార్డ్‌నీ ఒకేసారి చూడలేరు. ఆ చిన్న సందు ఆమెకు చాలు. ఎత్తు పుట్టుకతో వచ్చింది, కాదనను. ఈ ఓపిక మాత్రం సాధనతో వచ్చింది. లియాన్ క్లబ్ తరఫున ఒక డిఫెండర్ వందకు పైగా గోల్స్ చేయడం వెనక ఉన్నది ఈ ఓపికే.

ఆమె పరుగు మెరుపులాంటిది కాదు. వేగమున్న ఫార్వర్డ్‌తో పందెం పడితే ఓడిపోయే అవకాశం ఎక్కువ. అందుకే పందెం దాకా రానివ్వదు. పాస్ బయల్దేరకముందే రెండు అడుగులు వెనక్కి జరుగుతుంది, పక్కనున్న డిఫెండర్‌ను చేత్తో చూపించి జరుపుతుంది. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి ఈ పని చాలావరకు తెర మీదికి రాదు.

ఆమె పుట్టింది 1990 జూలైలో, కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ ద్వీపంలో. అది ఫ్రాన్స్‌లో భాగమే కానీ పారిస్‌కు దాదాపు 7 వేల కిలోమీటర్ల దూరం. పెరిగిన ఊరు లె ప్రెషూర్, ద్వీపం ఉత్తర కొసన, మౌంట్ పెలీ అగ్నిపర్వతం పాదాల దగ్గర. 1902లో ఆ పర్వతం పేలి పక్కనున్న సెయింట్ పియెర్ పట్టణాన్ని నిమిషాల్లో బూడిద చేసింది. నలుగురు ఆడపిల్లల్లో ఆఖరిది వెండీ. ఎనిమిదేళ్ల వయసులో తండ్రిని కేన్సర్ తీసుకుపోయింది. పదహారో ఏట ఒంటరిగా ఫ్రాన్స్ ప్రధాన భూభాగానికి వచ్చి, జాతీయ శిక్షణ కేంద్రం క్లెర్‌ఫోంటేన్‌లో పరీక్షకు నిలబడింది. వాళ్లు తీసుకోలేదు. అక్కడి నుంచి లియాన్ వెళ్తే, కోచ్ ఫరీద్ బెన్‌స్టిటి చూసి ఉంచేసుకున్నారు. అది 2006. ఆ తర్వాత ఆమె క్లబ్ మారలేదు.

ఇక్కడ లియాన్ గురించి కూడా చెప్పాలి. 1941లో, యుద్ధకాలపు విషీ ప్రభుత్వం ఫ్రాన్స్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ను నిషేధించింది. ఫ్రెంచ్ ఫెడరేషన్ ఆ ఆటను తిరిగి అధికారికంగా గుర్తించింది 1970లో. అంత ఆలస్యంగా లేచిన దేశంలో, క్లబ్ అధ్యక్షుడు జాన్ మిషెల్ ఓలాస్ 2004లో మహిళల జట్టును తమ క్లబ్‌లో కలుపుకుని, మగవాళ్ల జట్టుతో సమానంగా పట్టించుకుంటానని చెప్పి, డబ్బు పెట్టి చూపించారు. ప్రతిభ ఎక్కడైనా పుడుతుంది. అది పదిహేనేళ్లు నిలకడగా ఆడాలంటే మంచి మైదానం, వైద్యులు, నెలనెలా జీతం ఉండాలి. రెనార్డ్‌కు అవి దొరికాయి. 2007 నుంచి 2020 దాకా లియాన్ వరసగా 14 లీగ్ టైటిళ్లు గెలిచింది. యూరప్ క్లబ్‌ల పోటీ ఛాంపియన్స్ లీగ్‌ను ఎనిమిది సార్లు గెలిచింది, ఎనిమిదింటిలోనూ రెనార్డ్ ఉంది. 2011 ఫైనల్‌లో పోట్స్‌డామ్ మీద తొలి గోల్ ఆమెదే. ఏడాది ముందు అదే జట్టు చేతిలో ఫైనల్లో పెనాల్టీల మీద ఓడారు.

మళ్లీ 2019 ప్రపంచ కప్‌కే వస్తాను, ఎందుకంటే ఆ మూడు వారాల్లో ఒక డిఫెండర్ జీవితమంతా ఉంది. నార్వే మ్యాచ్ తర్వాత ఐదు రోజులకు రెన్ నగరంలో నైజీరియాతో ఆట. గోల్ లేకుండా ముగిసేలా ఉండగా ఫ్రాన్స్‌కు పెనాల్టీ వచ్చింది. కొట్టడానికి వచ్చింది రెనార్డ్. బంతి పోస్టుకు తగిలి బయటికి పోయింది. నైజీరియా గోల్ కీపర్ ముందుగా గోల్ గీత దాటిందని వీడియో పరిశీలన (వీఏఆర్)లో తేలడంతో రెఫరీ మళ్లీ కొట్టమంది. సెల్ఫ్ గోల్ చేసి వారం కాలేదు, ఇప్పుడే పెనాల్టీ పోగొట్టింది. స్టేడియం మొత్తం చూస్తోంది. బంతిని ఇంకొకరికి ఇచ్చి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆమె ఇవ్వలేదు. రెండోసారి గోల్ అయింది, ఫ్రాన్స్ 1-0తో గెలిచింది. క్వార్టర్ ఫైనల్లో అమెరికా 2-1తో ఓడించి ఇంటికి పంపింది. ఆ మ్యాచ్‌లో ఫ్రాన్స్ ఏకైక గోల్ కూడా 81వ నిమిషంలో రెనార్డ్ తలతో కొట్టిందే.

అలా ప్రతిసారీ తన చోటుకు తిరిగొచ్చిన మనిషి, 2023 ఫిబ్రవరి 24న తానే పక్కకు తప్పుకుంది. కొద్ది నెలల్లో ప్రపంచ కప్. జట్టు నడుస్తున్న పద్ధతి అత్యున్నత స్థాయి ఆటకు తగినట్టు లేదనీ, తన మానసిక ఆరోగ్యం కాపాడుకోవడానికి ఈ పరిస్థితుల్లో ఆడబోననీ కెప్టెన్ హోదాలోనే ప్రకటించింది. సహచరులు కదిదియాతు దియానీ, మేరీ ఆంటోనెట్ కతోతో కూడా తప్పుకున్నారు. రెండు వారాలకు కోచ్ కోరిన్ దియాక్ర్‌ను ఫెడరేషన్ తొలగించింది.

ఈ కథలో దియాక్ర్‌ను విలన్ చేసి చెప్పడం నాకు నచ్చదు. ఆమె కూడా సెంటర్ బ్యాకే. ఫ్రాన్స్‌కు 121 మ్యాచ్‌లు ఆడింది, కెప్టెన్సీ చేసింది, ఫ్రాన్స్‌ను తొలిసారి ప్రపంచ కప్‌కు, 2003 కప్‌కు, చేర్చిన గోల్ కొట్టింది. తర్వాత క్లెర్‌మాంట్ మగవాళ్ల ప్రొఫెషనల్ జట్టుకు కోచ్‌గా పనిచేసింది. 2017లో రెనార్డ్ నుంచి కెప్టెన్సీ తీసేసిందీ ఆమే, 2021లో తిరిగి ఇచ్చిందీ ఆమే. ఒకే పని తెలిసిన ఇద్దరి మధ్య పొసగలేదు. అయినా నా మనసు రెనార్డ్ వైపే. కోచ్‌కు ఎదురు చెప్పిన క్రీడాకారిణి పోగొట్టుకునేది తన ఆటనే. 32 ఏళ్ల డిఫెండర్‌కు ఇంకెన్ని ప్రపంచ కప్‌లు మిగులుతాయి? అది తెలిసే మాట్లాడింది. తర్వాత అంత పేరు లేని పిల్లలు అదే మాట అనాలంటే, ముందు పేరున్న ఒకరు అనాలి.

కొత్త కోచ్‌గా ఎర్వె రెనార్డ్ వచ్చారు. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. ఆమె తిరిగొచ్చింది. జూలై 29, శనివారం రాత్రి, ప్రపంచ కప్‌లో భాగంగా బ్రిస్బేన్‌లో బ్రెజిల్‌తో 1-1 మీద ఆట సాగుతోంది. 83వ నిమిషంలో సెల్మా బషా కార్నర్ కొట్టింది. దూరపు పోస్టు దగ్గర రెనార్డ్‌ను బ్రెజిల్ వాళ్లు వదిలేశారు. అంత పొడుగు మనిషిని, అన్నేళ్లుగా అదే పని చేస్తున్న మనిషిని ఎలా వదిలేశారని కామెంటేటర్లు ఆశ్చర్యపోయారు. మొదట చెప్పానే, ఆ ఓపిక, ఆ సందు. ఆమె గోల్‌తో ఫ్రాన్స్ గెలిచింది. క్వార్టర్ ఫైనల్లో మాత్రం ఆస్ట్రేలియా చేతిలో పెనాల్టీల మీద ఓడింది. అందులో రెనార్డ్ తన పెనాల్టీ గోల్ చేసింది.

2025 యూరో కప్‌కు కోచ్ లొరాన్ బొనదే ఆమెను పిలవలేదు. లె సొమెర్‌నూ పిలవలేదు. పాత జట్టుతో ఫలితం మారలేదు కాబట్టి కొత్తదారి వెతుకుతున్నానన్నది ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కొత్త జట్టు గ్రూప్ మ్యాచ్‌లన్నీ గెలిచింది. క్వార్టర్ ఫైనల్లో పదిమందితో మిగిలిన జర్మనీ చేతిలో, మళ్లీ పెనాల్టీల మీదే ఓడింది. ఆమె ఉంటే గెలిచేవాళ్లని నేననను. ఇన్నాళ్లూ పెద్ద టోర్నీ ఏదీ గెలవకపోవడానికి పాతవాళ్లే కారణమన్న మాట మాత్రం అక్కడితో చెల్లకుండా పోయింది.

దేశం తరఫున 168 మ్యాచ్‌లు, 39 గోల్స్, ఎనిమిది ఛాంపియన్స్ లీగ్‌లు. ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే మహిళల బాలన్ డోర్ 2018లో మొదలైంది, 2025 దాకా ఒక్క డిఫెండర్‌కూ ఇవ్వలేదు. నా లెక్కలో అది వెండీ రెనార్డ్‌కు ఎప్పుడో రావలసింది.