దిగాల్సిన చోట దిగే విద్య

రాజమండ్రిలో తణుకు బస్సెక్కి అమలాపురం వెళ్ళేవాడు రావులపాలెంలో దిగాలి. దిగకపోతే బస్సు ఆగి అడగదు. సిద్ధాంతం వంతెన దాటించి పెరవలి, తణుకు చూపిస్తుంది. సి భాషలో స్విచ్ అచ్చంగా అంతే. కేస్ ఎక్కడ ఎక్కాలో మాత్రమే చెబుతుంది, దించే బాధ్యత బ్రేక్‌ది. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో సి తయారుచేసినప్పుడు ఇలా తర్వాతి కేస్‌లోకి జారిపోయే గుణం పాత బీసీపీఎల్ భాష వంశం నుంచి వచ్చింది.

లూపులో బ్రేక్ అందం చూడాలంటే మా రావులపాలెం అరటి మార్కెట్‌కి రండి. వంద గెలల్లో ఒక్క చక్కెరకేళి గెల కావాలి. ఏడోదే అదైతే మిగతా తొంభై మూడూ తడమడం దేనికి? కొందరు మాత్రం 'ఫౌండ్' అని ఒక జెండా పాతి, లూపు తిరిగిన ప్రతిసారీ అది లేచిందా లేదా అని చూస్తారు. నేను చదువుకున్న చోట బ్రేక్ వాడితే మార్కులు కోసేవారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు! 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా గోటూ ఆదేశాన్ని తిట్టిన తిట్లు తెచ్చి వాళ్ళు బ్రేక్ నెత్తిన రుద్దారు. కానీ 1974లో నూత్ అంతటి శాస్త్రవేత్త లూపు మధ్యలోంచి బయటపడడం ఎంత సహజమో ఉదాహరణలతో సహా చూపించాడు.  పైథాన్‌లో ఫర్‌కి ఎల్స్ తగిలించడం ఇంకా ముచ్చట. బ్రేక్ పడకుండా లూపు పూర్తయితేనే ఆ ఎల్స్ నడుస్తుంది, అంటే గెల దొరకలేదన్న మాట.

గెలలు వరుసలు వరుసలుగా ఉంటే లూపులో లూపు కావాలి. అప్పుడు బ్రేక్ లోపలి లూపునే వదులుతుంది. జావాలో బయటి లూపుకి పేరుపెట్టి ఆ పేరుతో బయటికి రావచ్చు. నా ఓటు మాత్రం వెతుకులాటని ఒక ఫంక్షన్‌లో పెట్టి, దొరకగానే రిటర్న్ కొట్టడానికే.

ఇక ఆ జారుడునే వాడుకున్న ప్రోగ్రామర్ టామ్ డఫ్! 1983లో లూకస్‌ఫిల్మ్‌లో ఒకే పనిని ఎనిమిదిసార్లు పేర్చి, శేషాన్ని బట్టి స్విచ్‌తో నేరుగా లూపు నడుమకే దూకించాడు. ఎక్కడా బ్రేక్ లేదు. ఎక్కడ జారాలో తెలిసినవాడి జారుడు అది. తెలియనిచోట ఏమవుతుందో 1990 జనవరి 15న అమెరికా చూసింది. ఇఫ్ లోంచి మాత్రమే బయటికి వస్తుందనుకుని రాసిన బ్రేక్, స్విచ్ మొత్తంలోంచి బయటికొచ్చేసింది. ఏటీ అండ్ టీ వాళ్ళ 114 ఎక్స్ఛేంజీలు ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ సుమారు తొమ్మిది గంటలు దూరప్రాంత కాల్స్‌ని కుదేలు చేశాయి.

గో, స్విఫ్ట్ భాషలు జారడాన్ని మొదట్లోనే ఆపేశాయి, సంతోషం. కానీ ఇప్పటి పిల్లలు కొందరు సి లో ఎక్కడిదో కోడు అతికించి, జారుడు గురించి కంపైలర్ అరిచే హెచ్చరికని కట్టేసి, నడిచింది కదా అంటారు. ఇది చూస్తే నా కడుపు రగిలిపోతుంది.

రావులపాలెంలో సి నేర్పే మాస్టార్లూ, ఒక్క పూట నా మాట వినండి. ఒకటి నొక్కితే కర్పూర, రెండు నొక్కితే చక్కెరకేళి, మూడు నొక్కితే అమృతపాణి అని స్విచ్ రాయించండి. బ్రేకులన్నీ తీయించి ఒకటి నొక్కించండి. తెర మీద మూడు పేర్లూ పడగానే పిల్లలు మీవైపు తిరిగి ఎందుకని అడుగుతారు. పాఠం అప్పుడు మొదలుపెట్టండి.