గిడుగు, గోనె, గొంగడి, బరకం

వానలో ఒళ్లు తడవకుండా కాపాడే వస్తువును అంచనా వేయడానికి ఇవాళ బజారులో చెప్పే కొలతలన్నీ బట్టకు సంబంధించినవే: అది ఎంత నీటిని ఆపుతుంది, చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుంది, లోపలి ఆవిరిని ఎంతవరకు బయటికి వదులుతుంది. వీపున సంచి తగిలించుకొని కొండలెక్కేవారికి, రెండు చెట్ల మధ్య ఊయల కట్టుకొని రాత్రి గడిపేవారికి ఈ కొలతలు అవసరమే గాని, కప్పుకున్న మనిషి ఏ పని చేస్తున్నాడు, ఎటువంటి గాలిలో నిలబడ్డాడు, చేతులు దేనికి కావాలి అనే సంగతులు వాటిలో ఎక్కడా కనిపించవు. తెలుగు నేలమీద గిడుగు, గోనె, గొంగడి అనే మూడు వస్తువులు తరాలపాటు ఈ రెండో లెక్కతోనే వాడుకలో నిలిచాయి; బరకం, అంటే టార్పాలిన్, వాటి సరసన ఇటీవల వచ్చి చేరింది. రేవుకూ రైలు పట్టాలకూ దగ్గరగా ఉండి, నైరుతి వానలు తగ్గాక కూడా అక్టోబరు, నవంబరు వాయుగుండాలకు తడిసే విశాఖలోని కంచరపాలెం ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి తగిన చోటు. విశాఖలో ఉదయం కిరండూల్ రైలెక్కినవారు అదే పూట దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చల్లగాలిలో దిగుతారు గనుక, ఒకే ముసుగు సముద్రపు ఉక్కకూ కొండ చలికీ పనికిరావలసి ఉంటుంది.

ఉత్తరాంధ్రలో గిడుగు అంటే తాటాకుతో చేసి తలమీదా వీపుమీదా కప్పుకునే వాన గొడుగు. గిడుగు వెంకట రామమూర్తి ఇంటిపేరుగా ఈ మాట తెలుగువారందరి నోటా ఉన్నప్పటికీ, వస్తువును కంటితో చూసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. పట్టుకోవడానికి కర్ర లేకపోవడమే దీని ప్రధాన లక్షణం. ఉభాల కాలంలో, అనగా వరినాట్లు వేసే రోజుల్లో, బురదమడిలో నడుము వంచి, ఒక చేత నారుకట్ట పట్టుకొని, రెండో చేత్తో మొక్క వెంట మొక్క నాటుతూ వెనక్కి జరిగే మనిషికి గొడుగు పట్టుకునే చెయ్యి మిగలదు; పైగా వంగి ఉన్నంతసేపూ వాన తలమీదకంటే వీపుమీదనే ఎక్కువగా పడుతుంది. అందువల్ల గిడుగు తలమీద మొదలై వీపు పొడవునా తాబేటి చిప్పలా వాలి ఉంటుంది. మనిషి వంగినప్పుడు అది చిన్న ఇంటికప్పయి రెండు పక్కలకూ నీరు దించుతుంది.

తాటాకును దగ్గరగా చూస్తే ఈ పనికి దాని యోగ్యత తెలుస్తుంది. ఆకు విసనకర్రలా మడతలు మడతలుగా విచ్చుకొని ఉంటుంది గనుక ప్రతి మడత పల్లమూ ఒక సన్నని కాలువ. ఆకు పైపొర మైనం పూసినట్టు నున్నగా ఉండి నీటిబొట్టును పట్టి ఉంచుకోదు. మడతల వెంట సాగే ఈనెలు ఆకును బిగువుగా నిలబెడతాయి. ఎండినది మడిస్తే విరుగుతుంది గనుక నానబెట్టి మెత్తబరచి, పై వరుస అంచు కింది వరుసను కప్పేలా పేర్చి, వెదురు బద్దలతో, నారతో బిగిస్తారు. పూరింటి కప్పుకూ పెంకుటింటి కప్పుకూ ఉన్న సూత్రమే ఇది: నీటిని ఆపడం కాదు, నిలవనీయకుండా జారవిడవడం. తాటిచెట్లు అరుదైన కొండల్లో ఈ పని అడ్డాకు చేసింది. విస్తర్లు కుట్టే ఆ వెడల్పాటి ఆకులతోనే తూర్పు కనుమల నుంచి ఛోటానాగపూర్ దాకా వాన గొడుగులు అల్లారు. మేఘాలయ ఖాసీలు వెదురుతో, ఆకులతో అల్లి తలమీదినుంచి నడుము దాకా కప్పుకునే ‘క్నుప్’ కూడా వంగి పనిచేసే రైతుకోసమే పుట్టింది.

ఇక్కడ బజారు కొలతను ఒకసారి విప్పి చూడాలి. నీటి స్తంభ పరీక్ష అనేది బట్టను బిగించి దానిపై నీటి ఒత్తిడిని క్రమంగా పెంచుతూ, అవతలి వైపు మూడో చోట చుక్క మొలిచేసరికి ఎంత ఎత్తు నీటికి సమానమైన ఒత్తిడి ఉన్నదో మిల్లీమీటర్లలో చెప్పడం. 1500 మిల్లీమీటర్లు ఆపిన బట్టను డేరాకు చాలినదిగా సాధారణంగా ఎంచుతారు. ఈ పరీక్షలో గిడుగుకు వచ్చే మార్కు సున్నా, ఎందుకంటే ఆకుల మధ్య సందులు తెరిచే ఉంటాయి. అయినా దానికింద నాట్లు వేసిన మనిషి వీపు తడవలేదు. బట్ట గుణం వేరు, కప్పు గుణం వేరు అనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కరలేదు.

తీరంలో తాటాకు, తెలంగాణ, రాయలసీమ మెట్టల్లో గొంగడి వాడుకలోకి రావడానికి కారణం పశువుల జాతిలోనూ ఉంది. కోస్తాలో ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. దక్కన్ పీఠభూమి మీది నల్లగొర్రెకు ముతక ఉన్ని ఉంటుంది. ఆ ఉన్నిని చేత్తో వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, కురుమలు, కురుబలు గుంటమగ్గం మీద గొంగడి నేస్తారు. ఉన్ని తన పొడి బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొని కూడా తాకితే తడిగా అనిపించదు, ఆ తేమను పీల్చుకునేటప్పుడు కొంత వేడిని విడుస్తుంది. గొర్రె ఒంటి జిడ్డు పోకుండా మిగిలినంత మేరకు నీటిబొట్టు పైనే జారుతుంది. గొంగడిని ఒక మూల మడిచి తలకు ముసుగు వేసుకుంటే వాన ఆగుతుంది, పరుచుకుంటే పడక, కప్పుకుంటే దుప్పటి, మూటగడితే సంచి. ఒకే వస్తువుతో పది పనులు అనే ఆలోచనకు ఇంతటి సంపూర్ణ రూపం మరొకటి అరుదు. అయితే గొంగడి బరువు కిలోల లెక్కలో ఉంటుంది, పూర్తిగా నానితే మరింత బరువెక్కుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. కనుక మంద వెంట మెల్లగా నడిచే కాపరికి అది అమృతం, రోజుకు 20 కిలోమీటర్లు కొండెక్కి దిగేవారికి భారం.

గోనె కథ రేవుది. విశాఖ నౌకాశ్రయం 1933లో తెరుచుకున్నాక, బస్తాలు మోసే కళాసీలకు మోతబరువు ఒరుసుకోకుండా తలపై వేసుకునే మెత్త, వాన పడితే ముసుగు, మధ్యాహ్నం నడుము వాల్చడానికి చాప అన్నీ ఒక్క గోనెసంచే. దాన్ని ముసుగుగా మలిచినంత సులభంగా ఏ దర్జీ పనీ ఉండదు: సంచి అడుగున ఉన్న రెండు మూలల్లో ఒకదాన్ని లోపలికి నొక్కి రెండో మూలలోకి దూర్చితే, ఆ కొన కోసుగా నిలిచి తలకు టోపీ అవుతుంది, మిగిలిన పొడవు వీపుమీద జారుతుంది, కత్తెర అక్కరలేదు, సూది అక్కరలేదు, వాన వెలిశాక విదిలిస్తే మళ్లీ సంచి. జనపనార నీరు పీల్చి ఉబ్బినప్పుడు నేత కళ్లు కొంత మూసుకుపోతాయి గనుక సన్నవానకు అది చాలు, జడివానకు చాలదు. తరవాత ప్లాస్టిక్ ఎరువు సంచి, దాని వెనక పాలిథిన్ షీటు ఇదే మడతతో ఇదే పనికి వచ్చాయి. పదార్థం మారింది గాని మడత మారలేదు.

ఒంటికి అతుక్కునే మూసిన వానకోటు వేరే వాతావరణంలో పుట్టింది. నాఫ్తాలో కరిగించిన రబ్బరును రెండు బట్టల మధ్య పూసి చార్లెస్ మాకింతోష్ 1823లో పేటెంటు పొందినది చల్లని స్కాట్లండులో. ఆ కోటు బయటి నీటిని ఆపినట్టే లోపలి చెమటనూ ఆపింది. 1969లో బాబ్ గోర్ సాగదీసిన టెఫ్లాన్‌తో సూక్ష్మరంధ్రాల పొర తయారుచేయడంతో, నీటిబొట్టును ఆపి ఆవిరిని వదిలే బట్టకు దారి దొరికింది. కాని ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపలి ఆవిరి పీడనం బయటిదానికంటే ఎంత ఎక్కువైతే అంత వేగంగా పోతుంది. లెక్క కడితే, 34 డిగ్రీల చర్మం దగ్గరి చెమ్మగాలికీ, 28 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉన్న విశాఖ వానగాలికీ మధ్య ఉండే తేడా, అదే చర్మానికీ 5 డిగ్రీల చలిలో అంతే శాతం తేమ ఉన్న గాలికీ మధ్య ఉండే తేడాలో సగం కూడా ఉండదు. అందుచేత చలిదేశంలో మెచ్చుకున్న ఖరీదైన కోటు ఈ తీరంలో చెమటతో లోపలినుంచి తడిపేస్తుంది. అది కోటు లోపం కాదు, చోటు మారడం వల్ల వచ్చిన చిక్కు. ఒంటికీ ఆకుకూ మధ్య జానెడు గాలి ఆడనిచ్చే గిడుగు ఈ చిక్కును ఏ పొరా లేకుండానే దాటింది. కనుక ఈ తీరంలో నడిచేవారు కొనదగినది ఒంటిని బిగించే కోటు కాదు. పక్కలు తెరిచి ఉండి, వీపు సంచితో సహా పైనుంచి కప్పి, రాత్రికి విప్పి తాళ్లతో కట్టుకుంటే కప్పుగా మారే పోంచో.

బరకం విషయంలో బరువు లెక్క తేలికగా తేలుతుంది. 3 మీటర్లు పొడవు, 3 మీటర్లు వెడల్పు ఉన్న కప్పు విస్తీర్ణం 9 చదరపు మీటర్లు. కళ్లంలో ధాన్యపు కుప్పలమీద కప్పే ప్లాస్టిక్ బరకం చదరపు మీటరుకు 120 గ్రాముల రకమైతే 1080 గ్రాములు తూగుతుంది; సిలికాన్ పూసిన నైలాన్ 45 గ్రాముల రకమైతే 405 గ్రాములు; 400 గ్రాముల నూలు కాన్వాసు అయితే 3600 గ్రాములు. నైలాన్ తేలికే అయినా నీరు పీల్చి సాగుతుంది గనుక సాయంత్రం బిగించిన కప్పు అర్ధరాత్రికి వేలాడుతుంది; ప్లాస్టిక్ బరకం సాగదు, కాని మడతల దగ్గర చిట్లుతుంది, ఎండకు పెళుసవుతుంది. నేలకు సమాంతరంగా కట్టిన 9 చదరపు మీటర్ల కప్పుమీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 450 లీటర్ల నీరు పడుతుంది. అది జారిపోయే వాలు లేకపోతే తాళ్లు తెగుతాయి, వాలు ఉంటే ఒక మూల బిందె పెట్టి వంటకు నీరు పట్టుకోవచ్చు.

ఏ కప్పునైనా కొండకు తీసుకుపోయే ముందు మేడమీదనే పరీక్షించవచ్చు. పొడిగా ఉన్నప్పుడు తూచి, గంటసేపు వానలో ఉంచి, ఒకసారి గట్టిగా విదిలించి మళ్లీ తూచితే మర్నాడు వీపున మోయవలసిన అసలు బరువు తెలుస్తుంది. సంచిమీద రాసి ఉన్న బరువు పొడిబట్టది మాత్రమే. ముసుగు వేసుకొని రెండు చేతులతో బూటు తాడు ముడి వేయగలగాలి, మెట్లెక్కేటప్పుడు ముందు అంచు కాళ్లకింద పడకూడదు. పగలు కప్పుకున్నదాన్నే రాత్రి కింద పరచదలచినవారు ఒక సంగతి గుర్తించాలి: మోకాలు ఆనినచోట ఒత్తిడి 1500 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడికి కొన్ని రెట్లు ఉంటుంది గనుక, పైనుంచి వానను ఆపిన బట్టే కిందినుంచి తడిని పైకి రానిస్తుంది.

ఊయల కట్టేవారికి అసలు శత్రువు పైవాన కాదు, తాడు. చెట్టు బెరడుమీద ధారగా దిగే నీరు ఊయల తాడు పట్టుకొని నేరుగా పడకలోకి వస్తుంది. కప్పు అంచుకు లోపల, తాడుకు ఒక జానెడు నూలు పోగు కట్టి వేలాడదీస్తే నీరు ఆ పోగు వెంట కిందికి దిగి నేలమీద బొట్లు బొట్లుగా రాలుతుంది. బరకం మూలన కన్నం చిరిగితే, గులకరాయిని బట్టలో పెట్టి దాని మెడ చుట్టూ తాడు బిగిస్తే చాలు. కుట్టు అక్కరలేదు, చిరుగు పెరగదు.

ఈ పరీక్షలన్నిటినీ లక్షలమంది ఒకే రాత్రి చేసే సందర్భం ఈ నగరంలో ఏటా ఉంది. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాద్రి అప్పన్న భక్తులు కొండ మొదటి మెట్టయిన తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, కొండచుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు నడిచి, సముద్రతీరం తాకి, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి మీదుగా తిరిగి కొండ చేరుకుంటారు. వానాకాలపు రాత్రి, వట్టికాళ్ల నడక, చేతిలో కొద్దిపాటి సామాను. తేలిక ముసుగుకు ఇంతకంటే నిజమైన పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ దొరకదు. పలచని పాలిథిన్ ముసుగు నాలుగు అడుగుల్లోనే ఒంటికి అతుక్కుపోవడం, గొడుగు పట్టిన చెయ్యి లాగడం ఆ దారిలో నడిచినవారందరికీ అనుభవమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖమీద విరుచుకుపడి రేకులు, పెంకులు ఎగరగొట్టినప్పుడు ఇళ్లకు కప్పయినది కూడా బరకమే. ముసుగుకూ ఇంటికప్పుకూ మధ్య దూరం ఎంత తక్కువో ఆ వారంలో తెలిసింది.

గిడుగు చేసే చేతులు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంకా కొన్ని మిగిలి ఉండగానే దాని కొలతలు నమోదు కావాలి: ఎన్ని ఆకులు పట్టాయి, పొడిగా ఎంత, తడిశాక ఎంత, ఏ వాలులో ఎంత వాన ఆగింది, ఎంత గాలికి లేచిపోయింది. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక తక్కెడ, ఒక నీటి గొట్టం, ఒక పంకా, ఒక వానాకాలం చాలు. కంచరపాలెంలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అక్కడి విద్యార్థులు ఒక గిడుగును, ఒక గోనెను, ఒక గొంగడిని, ఒక బరకాన్ని ఒకే జల్లుకింద ఉంచి కొలిచి, ఆ అంకెలను తెలుగులో అచ్చువేయాలని ఈ వ్యాసం కోరుతోంది.