బల్లమీది రైలుబండి: ఒక విమర్శ

ఉన్నత పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో రైలుబండి నమూనా లేనిది అరుదు. థెర్మోకోల్ కొండ, దానికొక సొరంగము, రంపపుపొట్టుకు ఆకుపచ్చ రంగు అద్ది పరచిన పచ్చిక, వలయముగా అమర్చిన పట్టాలు. మీట నొక్కగనే చిన్న ఇంజను కూతవేయుచు తిరుగును. పిల్లలు మూగుదురు. బహుమతియు తరచుగా దానికే దక్కును. అయితే ఆ బల్లచుట్టు చేరిన విద్యార్థికి రైలును గురించి అంతకుముందు తెలియని విషయమేదైన తెలిసినదా అని ప్రశ్నించినచో, చాలచోట్ల సంతృప్తికరమైన సమాధానము లభింపదు. కొండను చేసిన చేతి నేర్పును మెచ్చుకొనవలసినదే. కాని మార్కులు కొండకు వేసినారా, రైలుకు వేసినారా అన్నది వేరు సంగతి.

నిజామాబాదు జిల్లాలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము కలదు. ముప్కాల్ వంటి ఊరు జాతీయ రహదారి ప్రక్కన ఉన్నది. పగలురేయి లారీలు పోవుచునే యుండును. కాని ఆ ఊరికి రైలు లేదు. 2017లో నిజామాబాదు–పెద్దపల్లి మార్గము పూర్తియైన పిదప ఆర్మూరులో రైలు కనబడుచున్నది. అంతకుముందు రైలెక్కవలెనన్న నిజామాబాదో, మరియొక దూరపు స్టేషనో చేరవలసి యుండెను. అట్టి ఊళ్ళ పిల్లలు రైలు చక్రమును, పట్టాను, సిగ్నలును దగ్గరగా చూచుట మొదట బడిలోని నమూనాయందే జరుగవచ్చును. అది తప్పు చెప్పినచో, ఆ తప్పే వారి మనస్సులలో నాటుకొనును.

మొదట కొలతల విషయము. అంగడిలో దొరకు నమూనా పట్టాలలో ఎక్కువ వాడుకలో ఉన్నవాని వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఐరోపా దేశముల పట్టా వెడల్పగు 1,435 మిల్లీమీటర్లను 87వ వంతుకు తగ్గించి ఈ కొలతను నిర్ణయించినారు. ఇంగ్లండువారు అదే పట్టాపై 76వ వంతు పరిమాణముగల బండ్లను నిలిపిరి. ఆ లెక్కన పట్టా దాదాపు 18.8 మిల్లీమీటర్లు ఉండవలెను; కనుక వారి బండ్లు ఇరుకు పట్టాలపై నడచుచున్నవి. దానిని సరిదిద్దవలెనని కొందరు, ఉన్నదే చాలునని కొందరు అచట చాలకాలముగా వాదించుకొనుచున్నారు.

మనవారు ఆ వాదములో దిగనక్కరలేదు. మన లెక్క మనము వేసికొనినచో ఒక వింత కనబడును. 1900 ప్రాంతమున సికిందరాబాదునుండి నిజామాబాదు మీదుగా మన్మాడుకు పోయిన మార్గము మీటరు గేజి. వెడల్పు 1,000 మిల్లీమీటర్లు. దీనిని 16.5తో భాగించిన సుమారు 60 వచ్చును. ఇప్పుడు అదే మార్గముపై నున్న బ్రాడ్ గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. భాగించిన సుమారు 101 వచ్చును. అనగా అంగడి పట్టా ఒకటే అయినను, తాతగారు ఎక్కిన బండిని చేయదలచినవాడు 60వ వంతు కొలతను, మనుమడు ఎక్కు బండిని చేయదలచినవాడు 100వ వంతు కొలతను తీసికొనవలెను. ఈ చిన్న భాగహారము చేయకుండ, పెట్టెలో వచ్చిన విదేశపు ఇంజనుకు 'నిజామాబాదు' అని పేరు వ్రాసి పెట్టుట న్యాయము కాదు.

మీటరు గేజిపై దేశమంతట నడచిన వై.పి. తరగతి ఆవిరి ఇంజను నడుపుచక్రము వ్యాసము 1,372 మిల్లీమీటర్లు. 60వ వంతున అది 23 మిల్లీమీటర్లగును. క్రొత్త రూపాయి నాణెము కంటె కొంచెము ఎక్కువ. ఇట్టి చక్రములను అట్టతోనో, తేలిక కర్రతోనో కోయుట పదవ తరగతి విద్యార్థికి అసాధ్యము కాదు. జానకంపేటవద్ద చీలి బోధనుకు పోవు శాఖామార్గము నమూనాకు మిక్కిలి అనుకూలమైనది. శాఖ చిన్నది, చివరి స్టేషను ఒకటే, ఆ ఊర 2015లో మూతబడిన చక్కెర కర్మాగారము ఒకటి. వలయముగా తిరుగు పట్టాకంటె ఇట్టి చివరి స్టేషనులో ఇంజనును విప్పి, త్రిప్పి, మరల బండికి తగిలించు పనిలో రైల్వే నడుచు తీరు ఎక్కువగా తెలియును.

కొలతను పొడవుకు పాటించి వేగమునకు మరచుట మరియొక లోపము. 60వ వంతు నమూనా క్షణమునకు ఒక మీటరు పరుగెత్తినచో, అసలు బండి లెక్కన అది క్షణమునకు 60 మీటర్లు, అనగా గంటకు 216 కిలోమీటర్లు. ఆవిరి ఇంజనులలో అత్యధిక వేగము 1938లో ఇంగ్లండునందు 'మల్లార్డ్' అను ఇంజను సాధించిన 203 కిలోమీటర్లు. మన బడి బల్లమీది ఇంజను దానిని మించి పోవుచున్నదన్నమాట! గంటకు 60 కిలోమీటర్లు చూపవలెనన్న అది క్షణమునకు 28 సెంటీమీటర్లు మాత్రమే జరుగవలెను. గడియారము, స్కేలు ఉన్న చాలును. తొమ్మిదవ తరగతి పిల్లలే పరీక్షింపగలరు. మలుపుల సంగతియు ఇంతే. మీటరు గేజిపై మిక్కిలి వాడియైన మలుపునకు వ్యాసార్ధము సుమారు 109 మీటర్లు. 60వ వంతున 1.8 మీటర్లు. బల్లపై అర మీటరు వ్యాసార్ధముతో తిప్పక తప్పదు. తప్పనప్పుడు ఆ మాటను ఒక అట్టపై వ్రాసి పెట్టిన అదియే ఒక పాఠము.

మలుపులో రైలు పట్టాలను విడువకుండుటకు కారణము చక్రపు అంచు అని పిల్లలును, అనేకచోట్ల పెద్దలును చెప్పుదురు. అంచు చివరి రక్ష మాత్రమే. చక్రపు ముఖము కొంచెము ఏటవాలుగా, లోపలివైపు లావుగా నుండును. ఇరుసు ఒకప్రక్కకు జరిగినచో ఆ ప్రక్క చక్రము లావైన చోట పట్టాను తాకి, ప్రతి చుట్టులో ఎక్కువ దూరము పోయి, ఇరుసును మరల నడుమకు త్రిప్పును. టీకొట్టు కాగితపు కప్పులు రెండు తెచ్చి, వెడల్పైన నోళ్ళు కలిపి అంటించి, వాలుగా పెట్టిన రెండు కర్రలపై దొర్లించినచో తనంతట తానే నడుమకు వచ్చుచు దిగును. అడుగులు కలిపి అంటించినచో రెండు మూడు చుట్లలో క్రిందపడును. నాలుగు కప్పుల ఖర్చు. వేల రూపాయల బొమ్మరైలు ఈ సంగతి చెప్పజాలదు. దాని చక్రములకు అంచులు లోతుగా పెట్టి ఆ శాస్త్రమును కప్పివేసినారు.

ఇంజను నిర్మాణమునకు వత్తము. పిల్లలు చేయు ఆవిరి ఇంజను నమూనాలలో తరచుగా కనబడు పొరపాటు ఒకటి కలదు. రెండువైపుల చక్రములకు కడ్డీలను ఒకే స్థితిలో బిగింతురు. అసలు ఇంజనులో ఒకవైపు క్రాంకునకు మరియొక వైపు క్రాంకు 90 డిగ్రీల ఎడముగా నుండును. లేనిచో రెండు పిస్టనులును ఒకేసారి కొసకు చేరి, అచట ఆగిన ఇంజను ఎంత ఆవిరి పెట్టినను కదలదు. ఈ ఒక్క సంగతి తెలిసి బిగించిన అట్టయింజను, తెలియక కొన్న ఇత్తడి ఇంజనుకంటె మేలు. సిలిండరును నిలువున కోసి, లోపలి పిస్టను, ఆవిరిని అటునిటు పంపు జారుడు కవాటము కనబడునట్లు కర్రతో చేసి చేతితో త్రిప్పి చూపు నమూనా అన్నిటికంటె ఉత్తమము. డబ్బాలకు అతుకు వేసి బాయిలరు చేయు ప్రయత్నములను మాత్రము ఉపాధ్యాయులు నిరోధించవలెను. పగిలిన బాయిలరు చిన్నదైనను ప్రమాదకరమే. సైకిలు పంపు గాలితో అదే సిలిండరు నడుచును.

నిజమైన ఆవిరితో చిన్న ఇంజనులు చేయువారికి ప్రకృతి పెట్టు పరీక్ష వేరు. పొడవు 20వ వంతైనచో వైశాల్యము 400వ వంతు, ఘనపరిమాణము 8,000వ వంతు. 80 టన్నుల ఇంజను నమూనా 10 కిలోగ్రాములు తూగును. ఆవిరి పీడనము మార్చకున్నచో లాగు బలము 400వ వంతుకే తగ్గును. పట్టాపై చక్రమును నిలుపు బరువు 8,000వ వంతుకు పడిపోవును. కనుక చక్రము జారును. బాయిలరు గొట్టములను అదే నిష్పత్తిలో సన్నము చేసినచో పొగ పోదు. 1920 దశకపు ఆరంభమున ఇంగ్లండులో ఈ విషయమై పెద్ద వివాదము రేగినది. ఇంత చిన్న ఇంజనులో బొగ్గు మండదని, సారాయి దీపమే గతియని పేరుగన్న నిర్మాతలు నమ్మియుండగా, ఎల్.బి.ఎస్.సి. అను కలము పేరుతో వ్రాసిన లారెన్సు అను కార్యకుశలుడు, రెండున్నర అంగుళముల పట్టాపై 'ఆయేషా' అను ఇంజనును బొగ్గుతో నడిపి మనుష్యులను లాగించి చూపెను. అతడు గొట్టములను నిష్పత్తి ప్రకారము గాక, మంటకు కావలసినంత లావుగా పెట్టెను. పైకి రూపము తగ్గింపవచ్చును, లోపల మంటను తగ్గింపరాదు అన్న వివేకమే అతని గెలుపునకు కారణము.

రైలు నమూనా ప్రదర్శన ఎట్లుండవలెనో చూడదలచినవారు పుణె నగరమున కొత్రూడ్ ప్రాంతములో 1998లో తెరచిన జోషివారి ప్రదర్శనశాలకు పోవచ్చును. ఒక వ్యక్తి అభిరుచినుండి పుట్టిన ఆ లఘు రైళ్ళ నగరములో సిగ్నళ్ళకును బండ్లకును సంబంధముండును. విద్యార్థులు అచట గమనింపవలసినది దీపాల కాంతి కాదు, ఆ సంబంధమే.

అసలు చిక్కు ఇచటనే ఉన్నది. ఇటీవలి బడి ప్రదర్శనలలో ఆవిరి ఇంజనుకంటె 'స్వయంచాలక రైల్వే గేటు' ఎక్కువగా కనబడుచున్నది. పట్టా ప్రక్కన ఒక సెన్సారు, బండి రాగానే చిన్న మోటారు గేటును దించును, పోగానే ఎత్తును. చూచుటకు ముచ్చటగా నుండును. విమర్శ మాత్రము కఠినముగా చేయవలసియున్నది.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటవద్ద, కాపలాలేని లెవెల్ క్రాసింగుపై బడిబస్సును నాందేడు–సికిందరాబాదు ప్యాసింజరు ఢీకొనగా బడిపిల్లలు అనేకులు మరణించిరి. నిజామాబాదు పిల్లలు హైదరాబాదు పోవునప్పుడు దాటు మార్గమే అది. బ్రాడ్ గేజి మార్గములపై కాపలాలేని క్రాసింగులు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. ఈ ప్రాంతపు ప్రదర్శనలో గేటు నమూనా పెట్టుటయన్న ఆట కాదు; అది ప్రాణముల మాట.

ఆ నమూనా ఏమి చెప్పుచున్నదో లెక్క వేసి చూడుడు. సెన్సారు గేటుకు 30 సెంటీమీటర్ల ముందుండును. 100వ వంతు కొలతన అది 30 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి క్షణమునకు 20 మీటర్లు పోవును. గేటు మూయుటకు, దారిలోని బండి తొలగుటకు మిగిలిన కాలము ఒకటిన్నర క్షణము! వేగముగా వచ్చు రైలు ఆగుటకు కిలోమీటరు వరకు పట్టవచ్చును. నమూనాలో అది 10 మీటర్లు. బల్ల చాలదు, తరగతిగది పొడవే కావలెను.

ఇంతకంటె పెద్ద దోషము క్రమములో ఉన్నది. ఇంటర్లాకింగు గల గేటులో బండి వచ్చినందున గేటు పడదు. మొదట గేటు మూసి తాళము పడవలెను. పడినగాని బండికి సిగ్నలు ఇచ్చుటకు వీలులేదు. సిగ్నలు ఇచ్చియుండగా గేటు తెరచుకొనదు. గేటు మూయలేకపోయినచో బండి ఆగును. నమూనాలో బండిని ఆపు సిగ్నలే లేదు. గేటు పనిచేయకున్నను బండి మాత్రము వచ్చితీరును.

కనుక న్యాయనిర్ణేతలు ఒక చిన్న పరీక్ష చేయుట మంచిది: బండి నడుచుచుండగా సెన్సారు తీగను ఒకదానిని పీకి చూడవలెను. కాంతి తిరిగివచ్చుటను పసిగట్టు రకము సెన్సారైనచో, దీపమారినను, తీగ తెగినను గేటు తెరచియే యుండును. పట్టాకు అడ్డముగా కాంతిరేఖ నిలిపి, అది తెగినపుడు గేటు దించు రకమైనచో, దీపమారగనే గేటు మూతపడును. రెండింటి ఖర్చు ఇంచుమించు ఒకటే. మొదటిది చెడి ప్రాణము తీయును, రెండవది చెడి దారి మూయును. ఈ భేదమును నోటితో వివరించగల విద్యార్థికి, వాని గేటు వంకరగా నున్నను, మొదటి బహుమతి ఇవ్వవచ్చును.

ఈ భావన క్రొత్తది కాదు. 1872లో అమెరికాలో విలియం రాబిన్‌సన్ పొందిన పట్టా విద్యుద్వలయపు పేటెంటు దీనిపైననే నిలచినది. పట్టాలో ఒక భాగమును విద్యుత్తు దాటకుండ వేరుచేసి, ఒక కొసన బ్యాటరీ, మరియొక కొసన రిలే పెట్టుదురు. విద్యుత్తు పట్టాలగుండ పోయి రిలేను పట్టియుంచినంతసేపు పచ్చదీపము. బండి రాగానే ఇనుప ఇరుసు రెండు పట్టాలను కలుపును. విద్యుత్తు అడ్డదారిన పోవును. రిలే విడిపోయి ఎఱ్ఱదీపము వెలుగును. తీగ తెగినను, బ్యాటరీ అయిపోయినను, పట్టా విరిగి విడిపోయినను రిలే విడిపోవును, వెలుగునది ఎఱ్ఱదీపమే.

బడిలో దీనిని చేయుటకు అల్యూమినియం కడ్డీలు రెండు, ఒక సెల్లు, ఒక చిన్న రిలే, రెండు దీపములు చాలును. దీపములకు మాత్రము వేరొక సెల్లు ఉండవలెను. బొమ్మరైళ్ళ ప్లాస్టిక్కు చక్రములు పనికిరావు. లోహపు చక్రములు, లోహపు ఇరుసు కావలెను. ఇంజనుకు పట్టాలనుండి విద్యుత్తు ఇవ్వక దాని సెల్లును దానిలోనే ఉంచవలెను, లేనిచో రెండు వలయములు కలిసిపోవును. సెల్లుకు వరుసగా ఒక నిరోధకము తగిలించుట మరువరాదు. బండి పట్టాలపై నిలచినంతసేపు సెల్లు కొసలు కలిసియున్నట్లే గనుక, నిరోధకము లేనిచో సెల్లు వేడెక్కి పాడగును.