చిన్న తెర, లోతైన నీళ్లు

అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరపు అంచున బౌండరీ వాటర్స్ అనే సరస్సుల అడవి ఉంది. అక్కడ చాలా సరస్సుల్లోకి మోటారు పడవలను రానివ్వరు. ఒక సరస్సు నుంచి ఇంకోదానికి కనూ అనే తెడ్డు పడవను భుజాన మోసుకుపోవాలి. అలాంటి చోటికి వెళ్లేవాళ్లకు చేపల జాడ చెప్పే పెట్టె ఎంత తేలికైతే అంత ముద్దు.

ఈ పెట్టెల్లో, జపాన్‌లో ఫురునో సోదరులు 1948లో జాలర్ల కోసం నిలబెట్టిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. అడుగుకో, చేప పొట్టలోని గాలితిత్తికో తగిలి తిరిగొస్తుంది. పట్టిన సమయమే లోతు లెక్క. 20 డిగ్రీల కోణంతో శబ్దం పంపే పరికరానికి 10 మీటర్ల లోతున కనబడేది మూడున్నర మీటర్ల వెడల్పే. కాబట్టి తెర మీద చేప లేదంటే సరస్సులో లేదని కాదు.

మ్యాపులు, పక్కలకు చూసే సోనార్ కనూకు దండగ అని నా అభిప్రాయం. ఎండలో చదవగలిగే తెర, తక్కువ కరెంటు తాగే గుణం ఉంటే చాలు. శబ్దం పంపే సెన్సర్‌ను కనూ పక్క అంచుకు బిగించే క్లాంపు మాత్రం గట్టిదై ఉండాలి. సెన్సర్ కింద గాలి బుడగలు చేరితే తెరంతా చుక్కలే. నీళ్లలోకి విసిరి ఫోనులో చూసే సోనార్ బంతులూ ఉన్నాయి, కానీ అడవిలో ఫోను చార్జింగు ఎవరిస్తారు?

కొన్న వెంటనే చేప బొమ్మల గుర్తులు ఆపేసి, తెర మీద చేపలు గీసే వంపు గీతలనే చూడటం నేర్చుకోవాలి. ఆ బొమ్మలు ఒక్కోసారి నాచును కూడా చేప అనేస్తాయి.